సగం వచ్చినదాన్ని ముందు పట్టుకో

నిన్న తెల్లవారుతుండగా తమ్ముడి ఫోన్. "అన్నా, పెద్దబాపు పోయిండు" అన్నాడు.

"పొద్దుపొద్దుగాల మజాకా రా?" అని తిట్టాను.

మా ఇంట్లో ఇట్లాంటి మజాకులు చేసేది నేనొక్కణ్ణేనని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంకా షాక్‌లోనే ఉన్నాను. రాతలో తప్పులుంటే సర్దుకోండి. నా చదువు టెన్త్, అదీ ఆయన పుణ్యమే.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. పెద్దబాపు అంటే సత్తయ్య సార్, మా నాయినకు అన్న. తొంభై దాటిన మనిషి. రిటైరయ్యాక కూడా పరీక్షల నెల వస్తే నకిరేకల్‌లో ఆయన అరుగు మీద పిల్లలే పిల్లలు.

టెన్త్ పరీక్షలు నెత్తి మీదికొచ్చాక నేనూ పుస్తకాలన్నీ తెచ్చి ఆయన ముందు పడేశాను. ఇంపార్టెంట్ వాటికి టిక్కు పెట్టమన్నాను.

ఆయన టిక్కు పెట్టలేదు.

"గిది నీకొచ్చు, పక్కకు పెట్టు. గిది ఆ బ్రహ్మ దిగొచ్చినా నీకు రాదు, గది గూడ పక్కకు పెట్టు. సగం వచ్చి సగం రానిది ఉంటది సూడు, ముందుగాల దాన్ని పట్టుకో."

"సగం వచ్చింది ఒక్కటి గూడ లేదు పెద్దబాపూ."

"ఉన్నది. సిగ్గు" అని చెవి మెలేశాడు.

అత్తెసరు మార్కులతో గట్టెక్కాను.

తర్వాత నేను మైక్ సెట్టు షాపు పెట్టాను. ఒక ఏడాది ఆయన పిల్లల్ని తిడుతుంటే దొంగచాటుగా రికార్డు చేసి, పరీక్షల రోజు పొద్దున్నే బజారంతా వినబడేట్టు పెట్టాను. కట్టె పట్టుకుని ఉరికొచ్చాడు. బాక్సు ముందు నిలబడి తన తిట్లు తనే విన్నాడు.

"జర సౌండ్ పెంచు. ఆఖరి ఇంటోనికి వినబడ్తలేదు" అన్నాడు.

ఆ రోజు ఎంత నవ్వామో.

కానీ "సగం వచ్చింది పట్టుకో" అన్న మాట ఆయనది కాదు. అది ఎవరిదో చెప్పేటప్పుడు ఆయన ఎన్నడూ నవ్వలేదు.

పోలీస్ యాక్షన్ అయిన కొత్త. మర్రిగూడ దిక్కు మా పల్లె. మూతబడిన బడి అప్పుడే తెరిచారు. ఎర్రజెండా సంఘపోళ్లకు భయపడి పట్నం పారిపోయిన దొర, మిలిటరీ వెనకే తిరిగొచ్చి కోటలాంటి తన గడీలో కూర్చున్నాడు. వస్తూనే మా తాతను పిలిచి, పెద్దకొడుకును, అంటే మా పెద్దబాపును, పశువుల కాడికి పంపమన్నాడు.

మళ్లీ వెట్టి.

"పిలగానికి పరీక్ష ఉన్నది దొరా. పాసైతే సదువుకుంటడు. తప్పితే మీ కాడికే తోలిస్త" అని తాత చేతులు కట్టుకున్నాడు.

"సరే తియ్. ఏడికి పోతడు?" అన్నాడు దొర.

చేతిలో ఉన్నవి కొద్ది రోజులు. తోటి పిల్లలు ఉర్దూ పుస్తకాలు పొయ్యిలో పెట్టారు. నిజాం రాజ్యమే పోయింది, ఇంక ఉర్దూ ఎందుకని అందరూ తెలుగు పుస్తకాల మీద పడ్డారు.

పెద్దబాపు మాత్రం దొరను చూశాడు. గడీ అదే. మున్షీ వాడే. దొర నెత్తి మీదికి కాంగ్రెస్ తెల్లటోపీ వచ్చింది, అంతే.

"టోపీ మారింది గని తలకాయ మారలే. పరీక్ష పేపర్ గూడ గంతే" అనుకున్నాడట.

ఉర్దూ నేర్పాల్సింది బడి మౌల్వీ సాబ్. ఆ రోజుల్లో ఆయన గడప ఎవరూ తొక్కేవాళ్లు కాదు. చుట్టుపక్కల ఊళ్లలో సాయబుల ఇళ్ల మీద పడి ఏం చేస్తున్నారో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. పెద్దబాపు అటు పోతుంటే దోస్తులే "రజాకారోని శిష్యుడా!" అని రాళ్లు విసిరారు.

మధ్యాహ్నం జనమంతా చేన్లలో ఉన్నప్పుడు పెరటి తలుపు సగం తెరుచుకునేది.

"బేటా, గట్టిగ సదువకు. పెదవులు కదిలిస్తే సాలు" అనేవాడట సాబ్. "వక్త్ లేదు. వచ్చింది ఇడ్శిపెట్టు. రానిది ఇడ్శిపెట్టు. సగం వచ్చింది పట్టుకో."

పేపర్ ఉర్దూలోనే వచ్చింది.

మా ఊరి నుంచి పాసైంది ఆయనొక్కడే.

ముందు తాత దగ్గరికి ఉరికాడు. ఆ తర్వాత గడీకి, మున్షీ ముందు తలెత్తుకుని నిలబడడానికి. ఆ తర్వాత రాళ్లేసిన దోస్తుల ముందు తిరగడానికి. మౌల్వీ సాబ్ ఇంట్లోనే ఉంటాడు కదా, ఏడికి పోతాడు అనుకున్నాడు.

పోయేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. వాకిట్లో నమాజుకు ముందు కాళ్లు కడుక్కునే చెంబు బోర్లా పడి ఉంది.

ఏమయ్యారని అడిగితే ఊళ్లో ఒక్కరూ నోరు విప్పలేదు.

సార్ అయ్యాక కూడా ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊళ్లో వెతికాడు. దొరకలేదు.

"సదువుల ఏది ముందుగాలనో సాబ్ సెప్పిండు. మనుషులల్ల ఎవలు ముందుగాలనో నేనే తెలుసుకోకపోతిని" అనేవాడు.

నిన్న మా బిడ్డకు ఇంటర్ పరీక్ష. నల్లగొండలో సెంటర్. సత్తయ్య తాతే ఉంటే పరీక్షకే పొమ్మనేవాడు, టైం లేదు, బస్సెక్కు అని చుట్టాలంతా తొందరపెట్టారు.

"ముందుగాల తాత" అంది.

వచ్చి పెద్దబాపు కాళ్ల దగ్గర కూర్చుంది. దండం పెట్టుకుంది. అప్పుడు పోయింది.

గేటు మూసేలోపు అందుకుందట. ఎట్లా రాసిందో నేను అడగలేదు.

మైక్ సెట్టు ఓనరువి, పెద్దబాపు సాగదోలుడుకు, ఆఖరి ఊరేగింపుకు, మైక్ పెట్టవా అని నన్ను చాలామంది అడిగారు.

పెట్టలేదు. పరీక్షల నెల. పక్కింట్లో ఎవరో పిల్ల చదువుకుంటోంది.

పెద్దబాపూ, పోయిరా. అక్కడ మన తాత ఉంటాడు, అవ్వ ఉంటుంది. ముందుగాల మాత్రం మౌల్వీ సాబ్ దగ్గరికి పో.

ఇంక నీ మనసు నిమ్మళంగా ఉండాలి.