పెరుగు దగ్గర నవ్వు

మొన్న ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఫోను తెరిచేసరికి, మా కుటుంబం గ్రూపులో మా బావమరిది ఒక కామెడీ ముక్క పంపించి ఉన్నాడు. ఒక లావుపాటి మనిషి అరటితొక్క మీద కాలేసి పక్కవాణ్ణి పట్టుకుంటే, ఆ పక్కవాడు బల్లని పట్టుకుంటే, బల్ల మీది సాంబారు వెళ్ళి అందరి నెత్తినా పడే తరహా దృశ్యం. అందులో తప్పేమీ లేదు, ఎవరి ఇష్టం వారిది. కానీ దాని కింద ఆయన రాసిన వాక్యం ఏమిటంటే, బావగారు తప్ప మిగతా అందరూ నవ్వండి, అని. దానికి పిల్లలూ పెద్దలూ కలిసి పెట్టిన పసుపుపచ్చ మొహాలని కిందికి జరుపుతూ పోతే నా వేలు నొప్పి పుట్టింది. మా ఇద్దరికీ నల్లజుట్టు ఉన్న రోజుల నుంచీ ఈ మనిషి నన్ను నవ్వు రానివాడని ఊరంతా చెప్పుకుంటూ వస్తున్నాడు. నాకు ఒకరు అన్న మాట మరచిపోయే అలవాటు లేదు. అందుకని ఆనాడు జరిగిందేమిటో, ఆ రోజుల్లో సినిమాహాళ్ళలో చెమటలు కక్కుతూ కూర్చున్న నా ఈడువాళ్ళకి అర్థమవుతుందనే నమ్మకంతో, ఒక్కసారి సాంతం చెప్పుకుంటాను.

అప్పట్లో నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తాని. ఆ యార్డులో పనిచేసేవాడు ముందు నేర్చుకోవాల్సింది లెక్కలు కాదు, మూతి మూసుకోవడం. ఇది ఎవరూ చెప్పరు, మొదటిరోజే గొంతు చెబుతుంది. బస్తా విప్పిన చోటి నుంచి గాలి మన వైపు తిరిగిందంటే చాలు, ఘాటు ముక్కు పుటాల్లోకి ఎక్కుతుంది. సరిగ్గా ఆ సమయంలో నోరు తెరిచి పకపకా నవ్వినవాడు ఆ పూటకి ఇక పనికిరాడు, దగ్గి దగ్గి మంచినీళ్ళ కుండ దగ్గర కూలబడాల్సిందే. అలాగని యార్డులో నవ్వు లేదనుకునేరు. బస్తాలు మోసే హమాలీలు ఒకరినొకరు ఏడిపించుకునే మాటల ముందు ఏ సినిమా హాస్యమూ చాలదు. కాకపోతే అక్కడ మూతి విప్పకుండా నవ్వాలి. పెదాలు బిగబట్టి, గాలిని ముక్కుతో మెల్లగా వదులుతూ, వచ్చిన నవ్వునంతా భుజాల్లోకి దింపుకోవాలి. ఎవరైనా మంచి మాట వేస్తే చప్పుడు మాత్రం ఉండదు, వరసగా అందరి భుజాలూ ఎగురుతుంటాయి. కొన్నాళ్ళకి అదే ఒంటికి పట్టి, బయటా, సినిమాహాల్లోనూ నాకు నవ్వు అలాగే వచ్చేది. వచ్చేది అంటున్నాను. రాకపోవడం వేరు.

సినిమాలంటే నాకు ప్రాణం, అందులోనూ హాస్యం సినిమాలు. నాతోపాటు గదిలో ఉండే మిత్రుడు పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు, వాడికి ఫైటింగులు కావాలి, కామెడీ వస్తే అదే సమయమని సోడా తాగడానికి బయటికి పోయేవాడు. మా కొట్టులో పెద్ద గుమాస్తాగారికి ఎవడో ఒకడు బురదలో పడితే తప్ప పెట్టిన డబ్బులు గిట్టినట్టు ఉండేది కాదు. నాకేమో మనుషులు పడటంలో కంటే, పడ్డ తర్వాత ఏమీ జరగనట్టు లేచి మాట్లాడే మాటలో నవ్వు కనిపించేది. హాస్యం చేసేవాడికి తాను హాస్యం చేస్తున్నానని తెలియకూడదు, అదీ నా సిద్ధాంతం. ఈ విషయం మీద మా డాబా మీద ఎన్ని సాయంత్రాలు వాదించుకున్నామో. "ఒరేయ్, నువ్వు నవ్వితే గదా నీ మాట నమ్మటానికి! దేవుడి పటం ముందు కూర్చున్నట్టు కూర్చుంటావు," అనేవాడు మా మిల్లు మిత్రుడు. వాణ్ణి క్షమించాను, ఎందుకంటే వాడు ఎదురుగానే అన్నాడు. అరండల్‌పేట వైపు ఒక హాలు మేనేజరు మాత్రం, మా యార్డువాళ్ళు టికెట్టు కొనుక్కుని లోపలికి వస్తుంటే ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, ఘాటు బ్యాచీ వచ్చింది, తలుపు పక్కన కూర్చోబెట్టండి అని గేటు మనిషికి చెప్పాడు. తాను తినే కూరలో కారం లేకపోతే మాత్రం ఆయనే ముందు అరిచేవాడు. ఆయన పోయి చాలాకాలమైంది, అయినా నేను ఆ వీధిన వెళ్ళినప్పుడల్లా అది గుర్తొస్తుంది.

ఇలా ఉండగా నాకు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఒకచోట నా బట్టల నుంచి వాసన వస్తుందన్నారు. మరొకచోట అబ్బాయిది ఏడుపు మొహం, పిల్ల దిగులుపడి చస్తుందన్నారు. ఆ మాట అన్నావిడ అప్పటికి మా ఇంట్లో వేసిన పెసరట్లు తింటూనే ఉంది. ఆ తర్వాత పొన్నూరు సంబంధం వచ్చింది. పెళ్ళిచూపుల్లో ఆ పిల్ల తలెత్తి నన్నొకసారి చూసింది, నేను ఒకసారి చూశాను. ఆమె కాఫీ గ్లాసు అందించి వెనక్కి తిరుగుతూ, గడప దగ్గర నిద్రపోతున్న పిల్లిని తొక్కబోయి ఆగి, దానికి ఏదో సంజాయిషీ చెప్పినట్టు తల ఊపింది. అంతే, నా మనసు అక్కడ పడిపోయింది. ఇది తప్పిపోతే ఇక నేను పెళ్ళిచూపులకి రానని మా మేనమామతో బస్సులోనే చెప్పేశాను. ఆయన సరేలే అన్నాడు గానీ, ఒక చిక్కు ఉందన్నాడు.

ఆ చిక్కు పిల్ల తండ్రి, అంటే మా మామగారు. ఆయనది బియ్యం వ్యాపారం. గింజని పంటి కింద వేసి అది ఏ చేలో పండిందో చెప్పగలనని ఆయన నమ్మకం. అలాగే మగాణ్ణి హాస్యం సినిమాకి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుంటే వాడెలాంటివాడో తెలిసిపోతుందని కూడా ఆయన నమ్మకం. పెద్దల్లుణ్ణి కూడా అలాగే ఖాయం చేశారట. ఆ అల్లుడు పగలబడి నవ్వి కుర్చీలోంచి జారాడని ఇంటిల్లిపాదీ ఇప్పటికీ మురిసిపోతుంటారు. కాబట్టి నన్ను కూడా పొన్నూరులో మధ్యాహ్నం ఆటకి రమ్మన్నారు.

ఆ రోజు మా షావుకారు నన్ను పెందలాడే వదలలేదు. సరుకు విపరీతంగా వచ్చింది, నిజమే, కానీ ముందురోజే చెప్పాను గదా. చివరి నిమిషంలో బస్టాండులో చొక్కా మార్చుకుని బస్సెక్కి, ఆట మొదలయ్యే గంటకి హాలు ముందు దిగాను. ముందు వరసలో మామగారు, ఆయనకి ఇటు నేను, అటు ఇప్పటి మా బావమరిది కూర్చున్నాం. వెనక వరసలో ఆడవాళ్ళు, అందులో ఆమె.

సినిమా మంచిదే. అందరూ మంచివాళ్ళే ఉన్న ఇల్లు, ఒక దొంగ స్వామి, కనబడకుండా పోయిన ఒక ఉంగరం. మామగారు పేర్లు పడేటప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. బావమరిది తెర వంక చూడటం మానేసి తండ్రి భుజం మీదుగా నా మొహం వంకే చూస్తున్నాడు. ఒక మనిషి మన మూతినే కనిపెడుతుంటే నవ్వు ఎలా వస్తుందో మీరే చెప్పండి. అయినా వచ్చింది. దొంగ స్వామి తప్పించుకోబోయి పిండి డబ్బాలో తలదూర్చాడు, ఇంట్లోవాళ్ళంతా కర్రలతో వాణ్ణి తరుముతూ ఒకరినొకరు కొట్టుకున్నారు, హాలు దద్దరిల్లిపోయింది. ఆ గోలంతా జరుగుతుంటే తెర మీద వెనక మూల విస్తరి ముందు కూర్చున్న ముసలి తాత ఒకడు మొదటినుంచీ తల ఎత్తకుండా అన్నం తింటూనే ఉన్నాడు. పిండి దుమ్ము కాస్త అణగగానే ఆయన మెల్లగా తలెత్తి, "పెరుగు లేదా?" అన్నాడు.

హాలంతా ఇంకా పిండి డబ్బాకే నవ్వుతోంది, ఆ మాట ఎవరికీ వినబడలేదు. నాకు మాత్రం ఎక్కడో లోపల పట్టుకుంది. పెదాలు బిగబట్టాను, ముక్కుతో గాలి వదిలాను, అది ఆగదే. సరిగ్గా అప్పుడే మామగారు నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు కారుతుండగా, తెర మీంచి చూపు తిప్పకుండా నా వైపు చెయ్యి చాపి, "రుమాలుందా అబ్బాయ్?" అన్నారు. పెద్దాయన అడిగారు, జేబులోంచి తీసి ఇచ్చాను. చొక్కా మార్చుకున్నాను గానీ రుమాలు యార్డుదే. పొద్దుటినుంచీ నా మూతికి కట్టుకుని తిరిగిన రుమాలు. ఆయన దాన్ని రెండు కళ్ళకీ గట్టిగా అద్దుకున్నారు.

ఆయన పెట్టిన కేక విని తెర మీద బొమ్మ కూడా ఆగిందేమోననిపించింది. ఆయన్ని నడవలోకి నడిపించి, హాలు బయట సోడా బండి దగ్గర కూర్చోబెట్టి, కళ్ళలో సోడా పోశారు. ఎవరో పాలు తెమ్మన్నారు, ఎవరో నెయ్యి అన్నారు. నేను సాయానికి పోతే, "మీరు ముట్టుకోకండి!" అని బావమరిది అరిచాడు. ఆ తర్వాత సోడా బండివాడూ, రిక్షావాళ్ళూ, నలుగురూ వింటుండగా అన్నాడు, "ఏందండీ మీరు? మీరు నవ్వరు సరే, నవ్వేవాళ్ళని కూడా ఏడిపిస్తారా?" అందరూ నవ్వారు, సోడా బండివాడు ముందు. అడిగితే రుమాలు ఇవ్వడం తప్పా? ఇవ్వకపోతే రుమాలు కూడా ఇవ్వని పిసినారి అనేవాళ్ళు కాదా? నేను అక్కడే నిలబడి ఉండగానే ఆడవాళ్ళని ఎక్కించుకుని రిక్షాలు వెళ్ళిపోయాయి. నేను ఒక్కణ్ణే గుంటూరు బస్సెక్కాను. దారి పొడవునా ఒకటే తలపోత, ఆమె కూడా నన్ను ఏడుపు మొహం అనుకునే వెళ్ళిపోయి ఉంటుందని.

తర్వాత వాళ్ళింట్లో ఏం జరిగిందో నాకు మా అత్తగారు పెళ్ళయ్యాక చెప్పారు. మామగారు కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని మంచం మీద పడుకుని ఉన్నారట. బావమరిది గది మధ్యలో నిలబడి, "నేను కళ్ళారా చూశా నాన్నా, ఒక్కసారంటే ఒక్కసారి పన్ను కనపడలా. చింతపండు బుట్ట మాదిరి కూర్చున్నాడు," అన్నాడట. ఇంక ఆ సంబంధం వద్దని మామగారు మూలుగుతుంటే, ఎప్పుడూ పెద్దల మాటల్లోకి రాని పిల్ల తలుపు చాటునుంచి, "నవ్వారు నాన్నా," అన్నదట.

"నువ్వెట్టా చూశావే? వెనకాల కూర్చున్నదానివి!"

"వెనకాల కూర్చున్నా గాబట్టే కనిపించింది. భుజాలు కదిలినయ్."

"ఎక్కడ?"

"పెరుగు లేదా అన్నాడు చూడు తాత, అక్కడ. నాక్కూడా అక్కడే వచ్చింది."

"పెరుగేందే? అందులో పెరుగెక్కడుంది?" అన్నారట మామగారు, తడిగుడ్డ తీసేసి.

ఆ రాత్రికి మాట అక్కడే ఆగిపోయింది. మర్నాడు మామగారు, రెండు కళ్ళూ మగ్గిన పండు మిరపకాయల్లా ఉండగా, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ అదే ఆటకి వెళ్ళారు. పిండి డబ్బా వచ్చినప్పుడు పట్టుబట్టి నవ్వకుండా చెవులు రిక్కించి కూర్చున్నారట, అది ఆయన జీవితంలో చేసిన అతి కష్టమైన పని అని మా అత్తగారు అనేవారు. సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే, "ఉందే, పెరుగు ఉంది! ఎంత మాటన్నాడే ముసలాడు! హాలు మొత్తానికి ఇద్దరే విన్నారే!" అని అరిచి, అప్పుడు తీరిగ్గా కూర్చుని ముందురోజు నవ్వాల్సిన నవ్వంతా నవ్వారట. ఆ వారంలోనే మా మేనమామకి కబురొచ్చింది.

మామగారు బతికున్నంతకాలం, నేను పొన్నూరు వెళితే విస్తట్లో అన్నం కలపకముందే పెరుగు గిన్నె నా పక్కకి వచ్చేది. మా ఇంట్లో ఏ గొడవ ముదిరినా, పిల్లలు కొట్టుకున్నా, చుట్టాలు అలిగినా, ఇంటి కప్పు కారినా, మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుని ఆ రెండు మాటలు అనుకుంటే సగం బరువు దిగిపోయేది. బావమరిది మాత్రం రెండోసారి ఆ సినిమాకి పోలేదు, ఇప్పటికీ ఆ చోటు వినలేదు. వినకుండానే తీర్పు చెబుతున్నాడు. ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఇదే, ఇది మానుకునే ఉద్దేశమూ లేదు. అది పక్కన పెడితే నాకు ఏ లోటూ జరగలేదు, నాకు దక్కాల్సిన మనిషి దక్కింది.

కిందటి నెలలో ఒక శుభకార్యానికి మేమిద్దరం పొన్నూరు వెళ్ళాం. ఆ హాలు లేదు. ఆ స్థలంలో చీమకుర్తి రాళ్ళు అమ్మే కొట్టు పెట్టారు, నున్నటి పలకలు నిలబెట్టి ఉన్నాయి, అద్దాల్లా మెరుస్తున్నాయి. ఇప్పుడు సంబంధాలు చూసేవాళ్ళు జీతం అడుగుతున్నారు, జాతకం అడుగుతున్నారు, రక్తం గ్రూపు కూడా అడుగుతున్నారు. పిల్లవాడు ఏ చోట నవ్వుతాడో అడిగే పిచ్చి పెద్దమనిషి ఒక్కడూ కనిపించడం లేదు. అడిగినా తెలిసే మార్గం లేదు, ఎవరి సినిమా వాళ్ళ అరచేతిలో, ఎవరి నవ్వు వాళ్ళ చెవుల్లో ఉంది.

తిరుగు బస్సులో మా ముందు సీటులో కొత్తగా పెళ్ళయినట్టున్న జంట ఒకటి కూర్చుంది. ఇద్దరికీ కలిపి ఒకటే ఫోను, తీగ ఒక కొస ఆ అబ్బాయి చెవిలో, రెండో కొస ఆ అమ్మాయి చెవిలో. నారాకోడూరు దాటుతుండగా ఇద్దరూ ఒక్కసారే నవ్వారు, ఒకరి మీద ఒకరు పడి మరీ నవ్వారు. మా ఆవిడ నా వైపు వంగి, ఏం మాటై ఉంటుందండీ, అంది. ఏం చెప్పను? హాలైతే ఆ నవ్వులో మాకూ కాస్త వచ్చేది.