ఇరవై గళ్ల కాగితంతో తిరుపతి జూకు

మా మేనకోడలు గౌరిని ఒకటో తరగతి నుంచి మళ్లీ యూకేజీకి దించుతామని మార్కాపురంలో దాని ఇంగ్లీషు బడివాళ్లు కబురు పెట్టారు. క్లాసులో నోరు విప్పదట. ఆఖరి అవకాశమని ఒక కాగితం చేతికిచ్చారు. జూకు తీసుకెళ్లి ఇరవై జంతువుల పేరు, తిండి, అరుపు ఒక్కోదానికి ఒక్కో గడిలో నింపించాలి. సోమవారం పిల్ల వాటి గురించి ఇంగ్లీషులో మాట్లాడాలి. మనకు జూ ఎక్కడుందని అడిగితే, "తిరుపతిలో ఉంది కదా మేడం" అన్నారు, పక్కవీధిలో ఉన్నట్టు. ఆ బడిలో చేర్పించింది నేనే. హనుమంతునిపాడు దగ్గర గొర్రెలు కాసుకునే మా తమ్ముడు, అదే దాని నాన్న, వద్దంటున్నా వినకుండా పిల్లను నా దగ్గర పెట్టుకున్నాను.

శనివారం ఉదయం ఐదున్నరకు బస్సెక్కాం. కంభం దాటగానే పాఠం మొదలుపెట్టాను. "డీర్ ఏం తింటుంది? గ్రాస్ అను." గౌరి అనలేదు, కిటికీలోంచి చూస్తోంది. గిద్దలూరులో బస్సు ఆగినప్పుడే టిఫిన్ కానిచ్చేయండి. ఇడ్లీ వేడిగా ఉంటుంది, చట్నీ సంగతి నన్నడగొద్దు. అక్కడే బురఖా వేసుకున్న ఒకావిడ ఎక్కి మా పక్కన కూర్చుంది. కడపలో కూతురింటికి పోతోందట. పోరుమామిళ్ల దాకా నా పాఠం ఓపిగ్గా విన్నది.

"ఏంది అక్కా, బిడ్డ చూస్తా ఉంటే చూడనీయవు? జూ చూపిచ్చేదానికి పోతా ఉండావా, పాఠం అప్పజెప్పించేదానికా?" అంది.

కాగితం మడిచాను. కడపలో ఆవిడ దిగగానే మళ్లీ తెరిచాను.

ఒంటిగంటన్నరకు తిరుపతి చేరి, బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. ఆదివారం తొమ్మిదికి ఆటోలో జూకు వెళ్లాం. పిల్లలతో వెళ్లేవాళ్లు ఎండెక్కకముందే లోపలుండాలి, నడక చాలా ఉంది.

లోపల మాలాంటివాళ్లే ఎక్కువ. ఒక తండ్రి సింహం ముందు కొడుకును నిలబెట్టి, ఫోన్ పట్టుకుని "లయన్, లయన్, చెప్పు" అని గొంతు చించుకుంటున్నాడు. సింహం కళ్లు తెరవలేదు. అక్కడ బుద్ధి ఉన్నది దానికొక్కదానికే. నవ్వుకున్నాను, ఆ వెంటనే "గౌరీ, లయన్ రాయి" అన్నాను. పదకొండుకల్లా పద్నాలుగు గళ్లు నిండాయి, అన్నీ నా చేతిరాతే.

చుక్కల జింకల దగ్గర గౌరి కదలనంది. నేను బోర్డు చదివి రాసుకుని, చెయ్యి పట్టి లాగాను. కంచె కమ్మీ వదల్లేదు, ఒక జింకనే చూస్తోంది.

"అత్తా, దీని పిల్ల ఏదీ?"

"ఏ పిల్ల?"

"ఇది ఈనింది. పొదుగు చూడు, పాలు నిండి బిగిసినాది. పిల్ల తాగలే. అందుకే మేత ముట్టకుండా అరస్తా ఉండాది. మా నాయనైతే పిండేస్తాడు."

మేత వేస్తున్నాయన తట్ట దించి గౌరిని చూశాడు. "పొద్దున్నే పిల్లకు కాలు వాస్తే డాక్టరు దగ్గరికి తీసకపోయినారు పాపా. నీకెట్లా తెలిసింది?"

గౌరి ఇక ఆగలేదు. తల్లి గొర్రె తన పిల్లను ఎట్లా గుర్తుపడుతుందో, వాసన మారితే ఎట్లా పొడుస్తుందో అరగంట చెప్పింది. "సాయంత్రం లోపల కలపండి, లేకుంటే తల్లి దగ్గరికి రానీదు" అని ఆయనకు ఆజ్ఞ కూడా ఇచ్చింది. ఆయన గొంతుక్కూర్చుని బుద్ధిగా తలూపాడు. ఇదీ నోరు విప్పని పిల్ల! నాకు చచ్చేంత సిగ్గేసింది. ఏడాదిగా దానితో నేను మాట్లాడిందల్లా "స్పెల్లింగ్ చెప్పు" అనే.

మిగిలిన గళ్లు నింపలేదు. ఒంటిగంట బస్సుకు తిరుగుముఖం పట్టాం. వెళ్లేవాళ్లు తప్పకుండా వెళ్లండి, చూడాల్సింది బోలెడుంది. కాగితం మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.

బద్వేలు దాటాక గౌరి అడిగింది. "రేపు మిస్‌కు ఏం చెప్పాల?"

"జింక సంగతి చెప్పు."

"నాకు తెలుగులోనే వస్తాది. తెలుగులో మాట్లాడితే బెంచీ మీద నిలబెడతాది."

"నేనూ వస్తాలే. నీ పక్కన నిలబడతా."

అది నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వెక్కితే బెంచీ ఇరుగుతాది అత్తా."

"ఇరగనీ" అన్నాను.