నాంచారయ్య గారూ, ఆ శాంపిల్ సంగతి

నిన్న పొద్దున కూరగాయలు తరుగుతుంటే ఫోన్ వచ్చింది. నాంచారయ్య గారు పోయారట. హార్ట్ ఎటాక్.

ఏ నాంచారయ్య గారు అని అడిగాను. తెలిసి కూడా అడిగాను. ఇంకెవరైనా అయితే బాగుండునని.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న కంపెనీలో బ్యాటరీ ఛార్జర్లు చేసేవాళ్లం. నాది ప్యాకింగ్. ఆయన టెస్టింగ్ ఇంజనీర్. బందరు దగ్గర చేపల వేట మీద బతికే కుటుంబం నుంచి చదువుకుని వచ్చిన మనిషి. పదకొండేళ్లు ఒకే షెడ్డులో పనిచేశాం.

జేబులో ఎప్పుడూ టెస్టర్ ఉండేది. గుణదలలో మా అమ్మాయి పెళ్లికి వచ్చి, అక్షింతలు వేయకముందే మండపం వెనక్కి వెళ్లి సీరియల్ సెట్ల వైరింగ్ చూశారు. ఒక జాయింటుకు టేపు చుట్టించాకే భోజనానికి కూర్చున్నారు. మా వియ్యంకుడు గారైతే ఆయన్ని డెకరేషన్ వాళ్ల మనిషి అనుకున్నారు!

తొంభైల చివర్లో మాకు యూరప్ నుంచి మొదటి ఆర్డర్ వచ్చింది. అక్కడ అమ్మాలంటే వస్తువు మీద సీఈ మార్కు ఉండాలి. షాక్ కొట్టదు, నిప్పంటుకోదు అని టెస్టులు చేయించి, కాగితాలన్నీ ఫైలు చేసి, కంపెనీ తరఫున సంతకం పెట్టాలి.

"స్టిక్కరే కదా, అంటించేద్దాం" అన్నవాళ్లూ ఉన్నారు. నాంచారయ్య గారు ఒప్పుకోలేదు. రెండు నెలలు కూర్చుని ఆ ఫైలు తయారు చేశారు. ఇక శాంపిల్ చెన్నై ల్యాబ్‌కి పంపాలి.

మొదటి పీస్ గడప దాటుతుంటే ఊరికే పంపుతామా? పసుపు నీళ్లు చల్లి హారతి ఇచ్చాను. పార్సిల్ వాళ్లు తొందర పెడుతుంటే అలాగే ప్లాస్టిక్ కవర్లో పెట్టి టేపు వేసేశాను.

శాంపిల్ ఫెయిలైంది. హై వోల్టేజ్ టెస్టులో కరెంటు లీకైందట.

ఓనర్ గారు అందరి ముందూ ఆయన్ని తిట్టారు. ఇంకొకటి పంపు, అదీ పోతే ఈ ఆర్డరూ ఉండదు, నీ ఉద్యోగమూ ఉండదన్నారు. అప్పుడు ఆయన పిల్లలిద్దరూ కాలేజీలో ఉన్నారు.

తిరిగొచ్చిన ఛార్జర్‌ని నా ఎదురుగానే విప్పారు. గాలి కోసం పెట్టిన రంధ్రాల్లోంచి పసుపు నీళ్లు దిగి, వైర్ల మధ్య పచ్చగా చార కట్టి ఉంది.

భర్త పోయాక ఆ ఉద్యోగమే నాకు ఆధారం.

ఆయన నా వైపు ఒకసారి చూశారు. ఓనర్ గారి దగ్గరికి వెళ్లి, "తేమ దిగిందండీ. చూసుకోవాల్సింది నేనే. తప్పు నాదే" అన్నారు.

తర్వాత నా దగ్గరికి వచ్చారు. "ఏడవమాకమ్మా. ఇక్కడ మనం పసుపు నీళ్లు చల్లాం. అక్కడ ఏ పిల్లోడో పాలు ఒలకబోస్తాడు. దానిక్కూడా తట్టుకోవాలి గదా!"

రంధ్రాల చోటు మార్చారు. లోపల ఒక అడ్డు పెట్టారు. వారం రోజులు రకరకాలుగా నీళ్లు పోసి చూశారు.

రెండో శాంపిల్ వెళ్లే రోజు నేను దూరంగా నిలబడ్డాను. ఆయనే పసుపు నీళ్ల గిన్నె తెచ్చి నా చేతికిచ్చారు. "చల్లమ్మా, ఏం కాదు" అన్నారు. తన ఉద్యోగం ఆ డబ్బా మీదే ఉందని తెలిసి కూడా.

పాసైంది. ఆ ఫైలు మీద ఆయనే సంతకం పెట్టారు.

ఆయన రిటైరైన రోజు ఓనర్ గారు మైకులో సరదాగా అన్నారు, "ఇంత జాగ్రత్త మనిషి కూడా ఒకసారి తడిసిన పీస్ పంపాడండీ!" అని. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నేనెక్కడ ఇబ్బంది పడతానోనని నా వైపు మాత్రం చూడలేదు.

నేను చప్పట్లు కొట్టాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

తర్వాత ఎన్నోసార్లు ఫోన్లో అన్నాను, ఓనర్ గారికి చెప్పేస్తానండీ అని. "ఇప్పుడెందుకమ్మా" అనేవారు. నేనూ సరేనని ఊరుకునేదాన్ని.

నిన్న మధ్యాహ్నం బందరు వెళ్లాను. ఆయన భార్య నా చేయి పట్టుకుని ఏడుస్తూ, "ఆ ఒక్క పొరపాటుకి జీవితమంతా మాట పడ్డారమ్మా" అన్నారు.

ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట.

వదిన గారూ, నిన్న మీ ముందు నాకు నోరు పెగల్లేదు. ఓనర్ గారూ, మీరూ చదవండి. ఆ శాంపిల్ తడిపింది నేను. తడి ఆరకుండా ప్యాక్ చేసింది నేను. ఆయన ఏ పొరపాటూ చేయలేదు.

వెళ్లి రండి నాంచారయ్య గారూ. ఇక మీ మీద ఏ మాటా లేదు. ప్రశాంతంగా ఉండండి.