స్టీలు పళ్లెం మీద మంచుముక్క

సైన్సు టీచరమ్మకు స్కూల్లో ‘రెడీమేడ్ జవాబు’ అని పేరు. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేసి, బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కొట్టేది. ఇరవై రెండేళ్లుగా అదే వరస. పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తూ పాఠం చెప్పడం మీద శిక్షణ ఉందంటే, నాకు కొత్తగా నేర్పేదేముందిలే అనుకుంటూనే వెళ్లింది.

మొదటిరోజే శిక్షకురాలు ఒక స్టీలు పళ్లెం, ఒక చెక్కపలక ముట్టుకుని చూడమంది. పళ్లెం చల్లగా తగిలింది, చెక్క తగల్లేదు.

“రెండింటి మీదా చెరో మంచుముక్క పెడితే ఏది ముందు కరుగుతుంది?”

“చెక్క మీదది. పళ్లెం చల్లగా ఉందిగా,” అంది టీచరమ్మ, అందరికన్నా ముందు.

చూస్తుండగానే పళ్లెం మీద ముక్క నీరుగారిపోయింది. చెక్క మీదది చెక్కుచెదరలేదు. వెనకెవరో కిసుక్కుమన్నారు. శిక్షకురాలు కారణం చెప్పలేదు. థర్మామీటరు చేతికిచ్చి, “మీరే కనుక్కోండి,” అని పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

నీళ్లు తుడిచి, కాసేపాగి కొలిచి చూస్తే రెండింటి వేడీ ఒక్కటే. అప్పుడు తలకెక్కింది. లోహం వేడిని చప్పున చేరవేస్తుంది. వేలి నుంచి లాక్కుంది కనక చల్లగా తోచింది, మంచుకు అందించింది కనక కరిగించింది. ఏటా తను బోర్డు మీద రాయించే వాక్యమే అది.

ఇంటికొచ్చాక కూర పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి.

“ఏంటమ్మా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?” అంది అత్తగారు.

“ఇన్నేళ్లూ తెలీకుండానే చెప్పానత్తయ్యా.”

“తప్పేం చెప్పలేదు కదా. పుస్తకంలో ఉన్నదే చెప్పావు.”

“అదే అత్తయ్యా నా బాధ.”

సోమవారం క్లాసులో అదే ప్రయోగం పెట్టింది. గది సంతలా తయారైంది. హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి, “పరీక్షలు నెత్తి మీదున్నాయి టీచర్,” అన్నాడు.

“వారానికి ఒక్క పీరియడు ఇవ్వండి సార్. మిగతాది ఎలాగోలా లాక్కొస్తాను.”

ఆయన గొణుక్కుంటూనే శుక్రవారం చివరి పీరియడు ఇచ్చాడు.

ముందు వరసలో పిల్ల లేచింది. “టీచర్, మంచుకి స్వెటర్ తొడిగితే?”

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. పంటి బిగువున ఆపుకుంది.

“తొడిగి చూద్దాం,” అంది.

అప్పట్నుంచి గురువారం వచ్చిందంటే ఆమెకు కుదురుండదు. రేపు వీళ్లేం అడుగుతారో.