ఎతువాలేని ఎరిగినవాళ్ల సంతకం

పొరపాటు నాదే. మా ఊరి పెద్ద మానుసేగా వయసులో ఉండగా పదమూడేళ్లు ఆక్లాండ్‌లో మాంసం ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ ఏళ్లకు పింఛను వస్తుందేమోనని దరఖాస్తు నింపింది రిటైరైన పంతులమ్మనైన నేనే. పేరు రాసే గడి దగ్గర ఆలోచించకుండా మానుసేగా అని రాసేశాను. ఆయన పుట్టుపేరు ఎతువాలే, ఇది ఇంటి పెద్దరికంతో పాటు వచ్చిన పేరు. ఆ పేరు వచ్చాక మనిషిని పాత పేరుతో పిలిస్తే మా దీవుల్లో అవమానం. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఎవరూ ఆయన్ని ఎతువాలే అనలేదు. భార్య మాత్రం ఇంట్లో ఎప్పుడైనా అనేదట. ఆవిడ పోయి ఏడాదిన్నర.

మూడు నెలలకు జవాబొచ్చింది. మానుసేగా గారు 1991లోనే మరణించినట్టు నమోదైందనీ, కుటుంబానికి తమ సానుభూతి అనీ. ఆ పోయినాయన ఈయన మేనమామ. ఈ పెద్దరికమూ, పేరూ ఆయన నుంచే వచ్చాయి, ఆయనా ఆక్లాండ్‌లోనే పనిచేశాడు. ఊరంతా పడీ పడీ నవ్వింది. మానుసేగా కూడా నవ్వాడు. అందరూ వెళ్లాక నన్ను అడిగాడు.

"అయితే నేనక్కడ లేనట్టేనా, టీచరమ్మా?"

ఈసారి రెండు పేర్లూ పెట్టి మళ్లీ రాశాం. పాత పాస్‌పోర్టు, పుట్టిన కాగితం తుపానులో ఇంటితో పాటే కొట్టుకుపోయాయి. అలాగైతే ఎతువాలే, మానుసేగా ఒకరేనని అప్పుడు కలిసి పనిచేసినవాళ్లు ఒకరు సంతకం చేస్తే చాలని పింఛను ఆఫీసువాళ్లు అన్నారు. ఆయన ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. అందరూ పోయారు. మిగిలింది ప్యాకింగ్‌లో పనిచేసిన మకెరీటా. పక్క దీవిలో మనవరాలి దగ్గర ఉంటోంది. పడవెక్కితే గంటన్నర దూరం, ఇన్నేళ్లలో ఒక్కసారైనా వెళ్లి పలకరించలేదేమని దెప్పితే, పడవ ఎన్నింటికని అడిగాడు.

ఊరి పెద్ద వచ్చాడని మకెరీటా చాప మీద ఒద్దికగా సర్దుకుని కూర్చుంది. మనవరాలు కోకో ఇచ్చింది. నేను కాగితం చదివి వినిపించాను. ఎతువాలే తానేనని ఆయన చెప్పాడు. ఆవిడ ఆయన పొట్టనీ, నెరిసిన జుట్టునీ చూసి నవ్వింది.

"తప్పుగా అనుకోకండి పెద్దయ్యా. ఎతువాలేని నేనెరగనా? గాలొస్తే ఎగిరిపోయేలా ఉండేవాడు. వాడు పడిన కష్టం మీదేనని నేనెలా సంతకం పెట్టను?"

ఇక ఆవిడని ఆపడం నా తరం కాలేదు. మొదటి చలికాలం వాడు తన కోటు విప్పి ఆవిడకి ఇచ్చాడట. చర్చిలో అందరికన్నా ముందే పాట ఎత్తుకుని తిట్లు తినేవాడట. ఆయన కోకో ముట్టకుండా విన్నాడు. మీ ఇద్దరికే తెలిసిన సంగతి ఏదైనా చెప్పమని మోచేత్తో పొడిచాను. ఆయన నోరు తెరవబోయాడు.

"ఊరెళ్లగానే ఉత్తరం రాస్తానన్నాడు," అంది మకెరీటా. "రెండేళ్లు చూశాను. నేనిటు తిరిగొచ్చాక మీ దీవివాళ్లని అడిగితే ఎతువాలే అనేవాడెవడూ లేడన్నారు. పాపం, పోయుంటాడు. బతికుంటే రాసేవాడు."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సెలవు తీసుకున్నాడు.

పడవలో నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట చెప్పుంటే సంతకం పెట్టేది కదా అని నిలదీశాను.

"పెట్టేదే," అన్నాడు. "బతికుండీ రాయలేదని కూడా తెలిసేది."