గంప మోసిన మావయ్య

నా పెళ్లికి సొంత మేనమామ రాలేకపోయాడు. మా దీవికి రావడానికి వైజాగ్‌లో ఓడ ఎక్కాల్సిన రోజున తుఫాను పట్టుకుని ఓడ కదల్లేదు. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి తీసుకెళ్లాల్సింది మేనమామే కదా. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే, ఇక్కడ డిగ్నాబాద్ పేటలో మా పక్కింటాయన పంచె ఎగ్గట్టి, తన తమ్ముణ్ని తోడు పట్టమని గంప ఎత్తాడు. వాళ్లకీ మాకూ ఏ చుట్టరికమూ లేదు. ఆ రోజు నుంచి ఆయన నాకు మావయ్య.

ఆ మావయ్య మీదే నేను లోక్ అదాలత్‌లో అర్జీ పెట్టాను.

ఆయన ఇళ్లు కట్టే కాంట్రాక్టరు. నాది మెస్సు. షాదీపూర్‌లో ఆయన పనివాళ్లకి ఏడాది పైగా రెండు పూటలా క్యారియర్లు పంపాను. మొదట్లో నెలనెలా ఇచ్చాడు. తర్వాత తన కాంట్రాక్టు బిల్లు రాలేదన్నాడు. ఆ తర్వాత అడిగితే నవ్వి ఊరుకున్నాడు. బిల్లు వచ్చిందనీ, దాంతో పాటే వాకిట్లోకి కొత్త కారు వచ్చిందనీ పేటంతా తెలుసు. నాకు ఒళ్లు మండిపోయింది. కిరాణా కొట్టు భయ్యా సరుకు ఆపేశాడు. వంటలో నాకు సాయపడే ఇద్దరు ఆడవాళ్లకి జీతాలు ఇవ్వలేదు. ఆ డబ్బు రాకపోతే మెస్సు మూసుకోవడమే.

లోక్ అదాలత్‌లో ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కాకపోతే ఇద్దరూ ఒప్పుకుంటేనే తీర్పు. ఆయన కాదంటే మళ్లీ మామూలు కోర్టు, ఏళ్లూ పూళ్లూ.

పిలుపు వచ్చాక బల్ల ముందు పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన దేన్నీ కాదనలేదు. తియ్యటి హిందీలో, భోజనాలు తెప్పించుకున్న మాట నిజమేనన్నాడు. అయితే ఇది తన మేనకోడలనీ, చేతుల మీద మోసి పెళ్లి చేశాననీ, ఇంట్లో తిన్న తిండికి ఎవరైనా బిల్లు వేస్తారా అనీ అడిగాడు. బల్ల వెనక కూర్చున్న జడ్జి మేడమ్ నా వైపు చూసింది, ఈయన మీకు మామ అవుతారా అని.

నేను నోరు తెరిచేలోపు ఆయన నా వైపు తిరిగాడు.

"నాను నీ మావయ్యని కాదని ఒక్క మాట సెప్పెయ్యే అమ్మీ. బస్, మొత్తం కట్టెస్తాను."

నవ్వుతున్నాడు. అనలేనని ఆయనకి ధీమా. అనలేనేమోనని నాకూ భయం వేసింది. ఎప్పుడో నాలుగడుగులు మోసినందుకు ఏడాది పాటు నా కష్టం తిని, ఆ గంపనే ఇక్కడికి తెచ్చి అడ్డం పెట్టాడు. ఇంటి దగ్గర ఆ ఇద్దరు ఆడవాళ్లు నా కబురు కోసం కూర్చుని ఉన్నారు.

"కాదు," అన్నాను. మేడమ్‌కి అర్థం కావాలని, ఈయన నాకేమీ కారని హిందీలో మళ్లీ చెప్పాను. "యే మేరే కుఛ్ నహీ లగ్‌తే."

ఆయన నవ్వు కాసేపు అలాగే ఉండి, మెల్లగా పోయింది. పెన్ను అందుకుని, వాయిదాల్లో కడతానని రాసిన చోట సంతకం పెట్టాడు. కొంత తగ్గించుకోవడానికి సిద్ధపడే వెళ్లాను నేను. ఆయన అడగలేదు.

మొదటి వాయిదా ఆయనే స్వయంగా తెచ్చాడు. ఎప్పుడొచ్చినా తిన్నగా వంటింట్లోకి దూరి, మూతలెత్తి చూస్తూ "ఏటే అమ్మీ, ఇయ్యాల ఏటి కూర?" అనే మనిషి. ఆ మధ్యాహ్నం గుమ్మం బయటే, పార్సిళ్ల కోసం వచ్చినవాళ్ల వెనక నిలబడ్డాడు. తన వంతు వచ్చాక కవరు చాపాడు.

"లెక్కెట్టుకోండి, మేడమ్."

లెక్కపెట్టాను. సరిపోయింది. లోపల ఆయనకిష్టమైన చేపల పులుసు ఉడుకుతోంది. అన్నం తిని వెళ్లమని చెబుదామనుకున్నాను గానీ, ఏమని పిలవాలో తెలియలేదు.