కాక నడిపించిన చుట్టుదారి

పోయిన వారం మా పక్క క్వార్టర్ కాక పోయాడు. పొద్దున చాయ్ తాగి గోడకు ఒరిగినవాడు అలాగే కన్ను మూశాడు. మా ఊరివాడు కాబట్టి నాకు కాక, మా ఆయనకు మామ. గోదావరిఖనిలో నాకు పుట్టిల్లంటూ ఉన్నది ఆ ఒక్క గడపే.

మా ఆయనది బొగ్గుబాయిలో పని. ఒకప్పుడు డ్యూటీ దిగితే కాళ్లు నేరుగా మందు దుకాణానికే పోయేవి. మానాలని ఆయనకూ ఉండేది, కాదనను. పిల్లల మీద ఒట్టు పెట్టాడు. మాల వేశాడు. మాల ఉన్నన్నాళ్లు మహా నిష్ఠ, తీసిన రోజు మహా పండగ! ఏడ్చి ఏడ్చి నేనే మొద్దుబారిపోయాను.

కాక నీతులు చెప్పలేదు. రిటైరైన మనిషి, షిఫ్టు వదిలే వేళకు పోయి బాయి గేటు ముందు నిలబడ్డాడు.

"అల్లుడా, రైలు పట్టాల పొంటి పోదాం పా. మోకాళ్లు పట్టేసినయ్, తోడు నడువు."

"మామా, ఇగ జన్మల తాగ."

"జన్మ సంగతి నాకెందుకు? ఇయ్యాల నాతోని నడువు."

అది చుట్టుదారి. ఆ దారిలో దుకాణం లేదు. ఎండైనా వానైనా, షిఫ్టు మారినా కాక గేటు దగ్గరే. "మళ్ల నౌకరి ఎక్కినవా ముసలోడా?" అని కాక భార్య, మా చిన్నమ్మ, దెప్పేది. ఒకనాడు మా ఆయన తప్పించుకుపోయి తాగొచ్చాడు. తెల్లారి నేను తిట్ల దండకం ఎత్తుకుంటే కాక ఆపాడు.

"నిన్నటిది ఇడిషిపెట్టు బిడ్డా. ఇయ్యాల మళ్ల నడుస్తడు."

నడిచాడు. తాగుడు ఎప్పుడు పోయిందో మాకే తెలియలేదు. కాకను ప్రేమించినంతగా మా నాన్నను కూడా నేను ప్రేమించలేదేమో.

మా వైపు దహనం చేసి వచ్చినవాళ్లకు మందు పోయడం ఆనవాయితీ. "మీ మామ పేరు మీద ఒక్కటి," అంటూ ఎవరో మా ఆయన చేతిలో గ్లాసు పెట్టారు. ఆయన దాన్ని చాలాసేపు పట్టుకుని, ఏడుస్తూ తిరిగి ఇచ్చేశాడు. "ఆయన పేరు మీద వద్దు, అన్నా."

ఆ రోజు సరే, నలుగురూ చూస్తున్నారు. మరి రేపు? కాక తోడు లేకుండా ఆయన అదివరకు ఆ చుట్టుదారిన ఒక్కనాడూ రాలేదు.

మళ్లీ డ్యూటీకి పోయిన రోజు షిఫ్టు వదిలినప్పటి నుంచి వాకిట్లోనే నిలబడ్డాను. దుకాణమున్న బజారు దారిన అందరి మగవాళ్లూ వచ్చేశారు. నా కళ్లు ఆ దారి మీదే ఉన్నాయి. ఎందుకో పట్టాల వైపు తిరిగి చూశాను.

వస్తున్నాడు. మోకాళ్ల నొప్పులున్న మనిషితో నడిచినట్టు మెల్లగా, పక్కన ఒకరు నడిచేంత జాగా వదిలి.